లోహమునకు కుదురు కట్టు విద్య

గోదావరి మండలములందు గోంగూర వండని ఇల్లుండదు. కోసి తెచ్చినప్పుడు ఆ ఆకు ముదురుపచ్చగా నిగనిగలాడుచుండును. మూకుడులో వేసి మగ్గించిన కొలది నిమిషములలోనే ఆ పచ్చదనము పోయి, మట్టిరంగు కలిసిన మందమైన వర్ణము వచ్చును. తోటకూర అంత త్వరగా మారదు. కాని అదే తోటకూరలో చింతపండు పులుసు పోసినచో అదియు గోంగూర దారినే పట్టును. మన గృహిణులకు ఇది నిత్యము కనబడు మార్పే. ఆకునకు పచ్చదనము నిచ్చు పదార్థమును పత్రహరితమందురు. ఆ పత్రహరితపు అణువు నడుమ ఒక మెగ్నీషియము పరమాణువు కూర్చుండి యుండును. పులుపు తగిలి, వేడి సోకినంతనే ఆ మెగ్నీషియము తన స్థానమును విడిచి లేచిపోవును. స్థానము ఖాళీ యగుటతో రంగు మారును.

ఆ స్థానమెట్టిదో తెలిసికొనుటకు వంటింటి మూలనున్న నీళ్లకుండను చూచిన చాలును. గుండ్రని అడుగు గల కుండ వట్టి నేలపై నిలువదు, దొరలిపోవును. అందుచేత గడ్డితో చుట్టిన కుదురు వేసి దానిపై నిలుపుదురు. కుదురు చిన్నదైనచో కుండ పైపైన ఊగులాడును. పెద్దదైనచో లోనికి జారి నేలను తాకును. సరిపోయిన కుదురుమీద నుంచిన కుండ పిల్లలు తగిలినను కదలదు. పత్రహరితములోని మెగ్నీషియమునకు అట్టి కుదురే కలదు. కర్బన పరమాణువులు, నత్రజని పరమాణువులు ఒకదాని చేయి నొకటి పట్టుకొని వలయముగా నిలిచియుండును. అందు లోపలివైపు చూచుచుండు నాలుగు నత్రజని పరమాణువులు నడుమనున్న లోహమును నాలుగు దిక్కులనుండి పట్టియుంచును. ఇట్లు లోహమును పట్టియుంచు అణువునకు రసాయనశాస్త్రజ్ఞులు లైగాండు అని పేరిడిరి. అది పెద్ద వలయాకారము గలదైనచో మహావలయ లైగాండు అనవచ్చును. మనకు కుదురు అన్న మాట చాలును. ఈ వ్యాసమంతటను ఆ మాటనే వాడుదును.

ఖాళీ యైన ఆ కుదురులో మెగ్నీషియమునకు బదులు రాగి వచ్చి కూర్చున్నచో ఆకునకు పచ్చదనము మరల వచ్చును. ఈసారి అది పులుపునకును వేడికిని చలింపదు. పూర్వము కొన్ని దేశములలో డబ్బాల బఠాణీలు పచ్చగా కనబడుటకు రాగి లవణములు కలిపెడివారు. కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రలలో పులుపు వండరాదని మన పెద్దలు చెప్పినది ఊరక కాదు. పులుపునకు రాగి కరిగి కూరలో దిగును. అది కడుపునకు విషము.

ఇదే తీరు కుదురు మన నెత్తుటిలోను కలదు. అచట నడుమనున్నది ఇనుము. ఆరుబయట పడియున్న కొడవలికి గాలి, తేమ తగిలినచో త్రుప్పు పట్టును. ఆ త్రుప్పు తనంతట తాను మరల ఇనుము కాజాలదు. నెత్తుటిలోని ఇనుమన్ననో, ఊపిరితిత్తులలో ప్రాణవాయువు నందుకొని, కాలుచేతుల కండరములకు కొనిపోయి, అచట దించి, వట్టిచేతులతో తిరిగి వచ్చుచున్నది. కుదురును, ఆ కుదురును పొదివి పట్టుకొనియున్న మాంసకృత్తును చేరి ఇనుము స్వభావమునే మార్చినవి. దీనికి ఒక బలహీనత కూడ కలదు. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రించినవారు తెల్లవారునప్పటికి మరణించిరను వార్తలు చలికాలములో వినుచుందుము. అరకొరగా మండిన బొగ్గునుండి పుట్టు కార్బన్ మోనాక్సైడు అను వాయువు, ప్రాణవాయువు కంటె 200 రెట్లకు పైగా గట్టిగా ఆ ఇనుమును పట్టుకొని దాని చోటు నాక్రమించును. కావున కుంపటిని బయట పెట్టియే పరుండవలెను.

మూడవ కుదురులో కోబాల్టు కూర్చుండును. అది బి12 విటమిను. దీని కథలో మన డెల్టావారొకరు కలరు. డాక్టరు ఎల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించి, కొంతకాలము రాజమహేంద్రవరమున చదివి, మదరాసులో వైద్యవిద్య నభ్యసించి, 1923లో అమెరికా చేరిరి. ఆ రోజులలో ప్రాణాంతకమగు ఒక రకపు రక్తహీనతకు పశువుల కాలేయమును తినిపించుటయే చికిత్సగా నుండెను. ఆ కాలేయములో రోగమును కుదుర్చు పదార్థమేదో విడదీయుటకై సుబ్బారావుగారు హార్వర్డు విశ్వవిద్యాలయములో ఏండ్ల తరబడి శ్రమించిరి. పిమ్మట లెడర్లీ సంస్థలో వారి బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. అది మరియొక రకపు రక్తహీనతకును, వారి సోదరుని బలిగొన్న స్ప్రూ అను జీర్ణకోశవ్యాధికిని మందైనది. కాలేయములోని ఎఱ్ఱని స్ఫటికములు మాత్రము 1948లో అమెరికాలోను ఇంగ్లండులోను ఇతరుల చేతికి చిక్కినవి. ఆ సంవత్సరము ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూసిరి. తాము వెదకుచున్న పదార్థములో ఒక లోహమున్నదని, అది వలయములో నిలిచియున్నదని 1930 దశకములో ఎవ్వరికిని తెలియదు. డొరొతీ హాడ్జ్‌కిన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞురాలు ఎక్స్ కిరణముల సాయముతో ఆ కుదురు రూపమును 1956 నాటికి నిర్ణయించిరి. ఆమెకు 1964లో నోబెల్ బహుమానము లభించినది. కూరగాయలలో బి12 లేదు. పాలు, పెరుగు, గ్రుడ్లు, చేపలు, మాంసములలో నున్నది. శాకాహారులు పాలు పెరుగులను మానరాదనుటకు ఇది యొక కారణము.

ప్రకృతి కట్టిన కుదుళ్లు ఇవి. మనుష్యుడు తాను కోరిన లోహమునకు, తాను కోరిన పనికి తగిన కుదురును కట్టగలడా అనునది గత నూరు సంవత్సరముల రసాయనశాస్త్రములోని పెద్ద ప్రశ్నలలో నొకటి. అది ప్రయోగశాలలలోనే ఉండిపోయిన ప్రశ్న కాదు. మన వరిచేనిలోను, మన ఆసుపత్రులలోను దాని జవాబులు కొన్ని వాడుకలో నున్నవి.

పీత డెక్క

వరిచేనితో మొదలుపెట్టుదము. నాట్లు వేసిన రెండు మూడు వారములకు కొన్ని మడులలో పైరు ఎదుగక గిడసబారి, ముదురాకులపై త్రుప్పురంగు మచ్చలు కనబడును. ఇది జింకు లోపము. 1966లో పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు చెందిన నెనే అను శాస్త్రజ్ఞుడు తరాయి ప్రాంతపు వరిలో ఈ రోగమునకు కారణము జింకు లోపమేయని నిరూపించిరి. నేలలో జింకు లేకపోవుట ఒక్కటియే దీనికి హేతువు కాదు. నీరు నిలిచిన నేలలో జింకు ఇతర పదార్థములతో చేరి, కరగని రూపమున చిక్కుకొనిపోవును. ఉన్నను పైరునకు అందదు. సార్వా, దాళ్వా రెండు పంటలకును నీరు నిలువ గట్టు మన డెల్టా రైతులు దీనిని జ్ఞాపకముంచుకొనవలెను. మూడు పంటలకొకసారి ఆఖరి దమ్ములో ఎకరమునకు 20 కిలోల జింకు సల్ఫేటు వేయుట సామాన్యమైన సిఫారసు. పైరుమీద లోపము కనబడినప్పుడు లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు చొప్పున కలిపి, అయిదు రోజుల ఎడముతో రెండు మూడుసార్లు పిచికారి చేయుదురు. భాస్వరపు ఎరువుతో కలిపి వేయరాదు. జింకు దానితో కలిసి కరగని పదార్థముగా మారును.

ఎరువుల దుకాణములో మరియొక పొట్లము కూడ చూపుదురు. దానిని చీలేటెడ్ జింకు అందురు. చీలేటు అను మాట గ్రీకుభాషలో పీత డెక్క అను అర్థము గల పదమునుండి వచ్చినది. వరిగట్టుపై పీత తన రెండు డెక్కలతో పుల్లను పట్టుకొనుటను చూచినవారికి దీని అర్థము విడమర్చి చెప్పనక్కరలేదు. ఇ.డి.టి.ఎ. అను అణువునకు లోహమును పట్టగల చేతులు ఆరు కలవు. అది జింకును అన్ని వైపులనుండి చుట్టి పట్టుకొనుటచే ఇతర పదార్థములు జింకును చేరలేవు. జింకు కరిగిన రూపముననే నిలిచియుండును. తూకములో చూచినచో జింకు సల్ఫేటులో నూటికి 21 పాళ్లు జింకు ఉండగా, ఈ పొట్లములో 12 పాళ్లే ఉండును. ధర మాత్రము హెచ్చు. నా అభిప్రాయములో దమ్ములో వేయుటకు సల్ఫేటు చాలును. పిచికారికి ఈ పొట్లము అనుకూలము. దుకాణదారు చెప్పినంత మాత్రమున సల్ఫేటును మానివేయుట తగదు.

డెక్కకు ఒక లోపమున్నది. అది పట్టుకొనునది జింకును మాత్రమే కాదు. ఇనుము దొరికిన ఇనుమును, సున్నపు లోహము దొరికిన దానిని కూడ పట్టును. ఒకదానిని విడిచి మరియొకదానిని అందుకొనును. మనకు కావలసిన లోహమునే పట్టవలెను, పట్టినది విడువరాదు అన్నచో డెక్క చాలదు.

కొస లేని కడియము

మోకుతో కట్టిన ముడికి కొస యుండును. కొస దొరికినచో ముడి విప్పవచ్చును. డెక్కవంటి అణువు కూడ అట్టిదే. ఒక కొసనుండి ఒక్కొక్క చేయి విడుచుచు లోహమును జారవిడువగలదు. రెండు కొసలను కలిపి వలయము చేసినచో విప్పుటకు కొసయే లేదు. పైగా డెక్క లోహమును పట్టుటకు ముందు తానే వంగి, సర్దుకొనవలెను. వలయము ముందే సర్దుకొని సిద్ధముగా నుండును. 1969లో అమెరికాలోని కాబినెస్, మార్జెరమ్ అనువారు దీనిని కొలిచి చూచిరి. నాలుగు నత్రజని చేతులే గల రెండు లైగాండులను తీసికొనిరి. ఒకటి తీగవలె సాగినది, రెండవది వలయము. రాగిని వలయము పట్టిన పట్టు, తీగ పట్టినదానికంటె సుమారు 10,000 రెట్లు గట్టిదని తేలినది. దీనికే మహావలయ ప్రభావమని పేరు.

ఈ లెక్క ఎవరికి కావలెనని తోచవచ్చును. ఎం.ఆర్.ఐ. పరీక్షకై పట్టణపు ఆసుపత్రికి పోయినవారికి కొన్ని సమయములలో నరములోనికి ఒక మందు ఎక్కించి చిత్రము తీయుదురు. ఆ మందులో గడోలినియము అను లోహమున్నది. అది చిత్రమును స్పష్టముగా చూపును గాని, విడిగా శరీరములో కలిసినచో విషము. అందుచేత దానిని లైగాండులో బంధించి ఎక్కింతురు. తొలి మందులలో కొన్ని తీగ తరగతివి, కొన్ని వలయ తరగతివి. 2006లో మూత్రపిండములు చెడిన కొందరు రోగులలో చర్మము గట్టిపడి, కీళ్లు బిగుసుకొనిపోవు ఒక దారుణవ్యాధికి ఈ మందులతో సంబంధమున్నదని వైద్యులు గుర్తించిరి. తీగ తరగతి మందులు లోహమును కొంత జారవిడుచుటయే ఇందులకు కారణమని తేలినది. 2017లో ఐరోపా ఔషధ నియంత్రణ సంస్థ తీగ తరగతి మందులలో కొన్నింటి వాడుకను నిలిపివేయించినది. వలయ తరగతివి నిలిచినవి. పన్నెండు పరమాణువుల వలయము, అందు నాలుగు నత్రజనులు, ఒక్కొక్క నత్రజనికి ఒక్కొక్క చేయి — డోటా అను ఈ కుదురు అట్టివానిలో ప్రసిద్ధమైనది. మూత్రపిండముల జబ్బు ఉన్నవారు ఇట్టి పరీక్షకు ముందు ఆ సంగతిని వైద్యునకు తప్పక చెప్పవలెను.

పొరపాటున దొరికిన కుదుళ్లు

ఇక ఇట్టి వలయములను కట్టుట ఎట్లు? తీగయొక్క రెండు కొసలను కలుపుట చెప్పినంత సులభము కాదు. ఒక అణువు కొస తన రెండవ కొసను వెదకికొనుటకు బదులు, ప్రక్క అణువు కొసను పట్టుకొని గొలుసుగా సాగిపోవును. ఈ చిక్కు విడిన తీరు విచిత్రమైనది.

1928లో స్కాట్లండులోని గ్రేంజ్‌మౌత్ అనుచోట రంగుల కర్మాగారములో ఒక తెల్లని పదార్థమును వండుచుండగా అందులో నీలిమట్టి వంటిది కనబడెను. పాత్ర లోపలి పింగాణీ పూత పగిలి, అడుగునున్న ఇనుము బయటపడుటయే కారణము. ఆ ఇనుము చుట్టు నాలుగు ముక్కలు చేరి వలయముగా అతుకుకొనినవి. లండనులో లిన్‌స్టెడ్ అను ఆచార్యుడు 1934 నాటికి దాని నిర్మాణమును తేల్చి థాలోసయనిన్ అని ప్రకటించెను. ఆకులోని కుదురునకు ఇది దాయాది. ఇనుమునకు బదులు రాగిని కూర్చుండబెట్టిన వచ్చు నీలము ఎండకు వెలయదు, వేడికి చెడదు. గోడల రంగులలో, అచ్చుసిరాలో, ప్లాస్టిక్ సామానులలో నేడు మనము చూచు గట్టి నీలములలో చాలభాగము ఇదియే.

ఇచట గ్రహింపవలసినదేమనగా, లోహమే తన చుట్టు కుదురును కట్టించుకొన్నది. నూర్పిళ్లయిన పిమ్మట మన రైతులు పూర్వము ధాన్యమును పురి కట్టెడివారు. ముందు పురి చేసి పిదప ధాన్యము పోయుట కాదు. ధాన్యము పోయుచు, దాని చుట్టు గడ్డిమోకు చుట్టుచు పైకి కొనిపోవుదురు. ధాన్యమే పురికి ఆకారమునిచ్చును. అట్లే ముక్కలను లోహము చుట్టు చేర్చినచో అవి దాని నానుకొని సర్దుకొనును. కొసలు దగ్గరపడి కలియును. న్యూజిలాండునందు కర్టిస్ అను శాస్త్రజ్ఞుడు 1960 ప్రాంతమున నికెల్ సాయముతో ఇట్టి వలయములను కట్టి, ఈ పద్ధతికి దారి తీసెను.

మరియొక పొరపాటు అమెరికాలో జరిగినది. చార్లెస్ పెడర్సన్ 1904లో కొరియాలో జన్మించినవాడు. తండ్రి నార్వే దేశీయుడు, తల్లి జపాను స్త్రీ. డాక్టరు పట్టము లేకయే డూపాంట్ సంస్థలో జీవితమంతయు పనిచేసెను. 1960 దశకపు ఆరంభమున ఆయన వేరొక పదార్థమునకై ప్రయత్నించుచుండగా మడ్డిలో నూటికి ఒక పాలు కూడ లేని తెల్లని స్ఫటికములు మిగిలినవి. పారవేయక పరిశీలించెను. అది ఆరు ఆమ్లజని పరమాణువులు గల వలయము. లోహము తలపై కిరీటమువలె అమరుచున్నదని దానికి కిరీటమను అర్థము గల పేరు పెట్టి 1967లో ప్రకటించెను. బావులలో వేయు ఊదారంగు పర్మాంగనేటు మన కెల్లరకు తెలిసినదే. అది నీటిలో కరగునుగాని బెంజీనువంటి నూనెలలో కరగదు. ఈ కిరీటమును కొంచెము కలిపినచో బెంజీను కూడ ఊదారంగు తిరుగును. పర్మాంగనేటులోని పొటాషియము కిరీటములో కూర్చుండి నూనెలోనికి దిగుటయే దీని మర్మము.

కుదురు కొలత యెంత ముఖ్యమో పెడర్సన్ పనితో స్పష్టమైనది. మిల్లీమీటరులో కోటవ వంతును ఆంగ్‌స్ట్రామ్ అందురు. సోడియము అయాను అడ్డుకొలత సుమారు 2 ఆంగ్‌స్ట్రాములు, పొటాషియముది 2.8. ఆరు ఆమ్లజనుల కిరీటములోని బెజ్జము పొటాషియమునకు సరిపోవును. అయిదు ఆమ్లజనుల కిరీటపు బెజ్జము సోడియము కొలతకు వచ్చును. సోల పట్టుచోట మానిక పట్టదు గదా. కొలతతోపాటు వియ్యము కూడ కుదురవలెను. సోడియము, పొటాషియము, సున్నపు లోహము ఆమ్లజనితో వియ్యమందును. రాగి, నికెల్, కోబాల్టులకు నత్రజని ఇష్టము. పాదరసము, వెండి గంధకమును కోరును. ఏ లోహమునకు ఏ పరమాణువు, ఎంత వెడల్పు, ఎన్ని చేతులు అని ముందుగా లెక్కించి కుదురును కట్టుట ఇచ్చటనుండి ఒక విద్యగా సాగినది.

గంప

కుదురు క్రిందినుండియే పట్టును; పైభాగము తెరచియుండును. ఫ్రాన్సులోని స్ట్రాస్‌బూర్ నగరమున జాన్ మారీ లేన్ అను ఆచార్యుడు 1969లో వలయమునకు అడ్డముగా మరియొక చేతిని కట్టి, అన్ని వైపులను మూసెను. కుదురు గంపయైనది. కోడిపిల్లలపై బోర్లించిన గంపవలె అది లోహమును చుట్టును. పొటాషియమును ఇది పట్టిన పట్టు వట్టి కిరీటము పట్టుకంటె వేల రెట్లు గట్టిది. అమెరికాలో డొనాల్డ్ క్రామ్ అను ఆచార్యుడు, గంపను ముందే బిగువుగా నేసియుంచినకొలది పట్టు హెచ్చునని చూపెను. పెడర్సన్, లేన్, క్రామ్ మువ్వురకు 1987లో నోబెల్ బహుమానము నొసగిరి.

ఇంతవరకు గంపలో లోహమున్నది. లోహములనే మూలలుగా పెట్టి గంపను నేయరాదా అని పిమ్మట వచ్చినవారు యోచించిరి. వడ్రంగి మూలమట్టమును తలచుకొనుడు. పల్లేడియము అను లోహము తన చేతులను సరిగా మూలమట్టముగా చాచును. నాలుగు పల్లేడియములు, నాలుగు తిన్నని కడ్డీల వంటి అణువులు కలిపినచో చతురస్రము తనంతట తానే ఏర్పడును. జపానులో మకొటో ఫుజిటా 1990లో దీనిని చేసి చూపెను. 1995లో ఆరు లోహములు, నాలుగు ఫలకములు గల గంపను కట్టెను. ముక్కలను తగిన పాళ్లలో కలిపి యుంచుటయే పని. తప్పుగా అతికినవి విడిపోయి మరల సరిగా అతుకుకొనును. ఇనుము ఆరు చేతులు చాచు లోహము. కేంబ్రిడ్జిలో నిట్‌ష్కే బృందము నాలుగు మూలల నాలుగు ఇనుములు, ఆరు అంచులకు ఆరు కడ్డీలు గల గోపురమును కట్టి, 2009లో అందులో తెల్ల భాస్వరమును బంధించిరి. తెల్ల భాస్వరము గాలి తగిలినంతనే మండును. దానిని నీటి అడుగున దాచుదురు. గంపలోనున్న భాస్వరము గాలిలో నుంచినను మండలేదు. బెంజీను చూపినచో అది లోనికి జొరబడి భాస్వరమును వెలుపలికి నెట్టును.

గుత్తి

ఒక కుదురులో ఒకే లోహము కూర్చున్నచో చేయలేని పనులు కొన్ని కలవు. బరువైన దూలమును ఒక్కడు ఎత్తలేడు. ఇరువురు ముగ్గురు ప్రక్కప్రక్కన చేయి వేయవలెను. ప్రకృతి అట్టిచోట్ల లోహములను ద్రాక్షగుత్తివలె చేర్చును. శాస్త్రజ్ఞులు దీనిని లోహగుచ్ఛమందురు. ఆకులో నీటిని చీల్చి ప్రాణవాయువును వదలు పని నాలుగు మాంగనీసులు, ఒక కాల్షియము గల గుత్తిది. చీలలేని దానిని చీల్చు మరియొక గుత్తి మన చేల వేళ్లలోనే ఉన్నది. దానిని గూర్చి కొంత వివరముగా చెప్పవలెను.

గాలిలో అయిదింట నాలుగు వంతులు నత్రజనియే. అది రెండేసి పరమాణువులు మూడు బంధములతో బిగిసియున్న జంట. పైరు దీనిని తాకజాలదు. దీనిని చీల్చి అమోనియా చేయుటకు కర్మాగారములలో 400 సెంటీగ్రేడు డిగ్రీలకు మించిన వేడి, గాలి ఒత్తిడికి 100 రెట్లకు పైబడిన ఒత్తిడి కావలెను. 1990 దశకమున కాకినాడలో నెలకొల్పబడిన అమోనియా, యూరియా కర్మాగారము ఈ పద్ధతిదే. ఇక జీలుగ, జనుము, పిల్లిపెసర, మినుముల వేరు బుడిపెలలోని సూక్ష్మజీవులు ఈ పనిని మాగాణి మట్టి వెచ్చదనములోనే చేయుచున్నవి. వాని పనిముట్టు ఏడు ఇనుములు, ఒక మాలిబ్డినము, తొమ్మిది గంధకములు గల గుత్తి. దీని ఆకారము 1992లో తెలిసినది. గుత్తి నడిబొడ్డున మరియొక చిన్న పరమాణువున్నదని 2002లో కనిపెట్టిరి. అది కర్బనమని తేలుటకు 2011 వరకు పట్టినది. ఒక నత్రజని జంటను చీల్చుటకు ఆ సూక్ష్మజీవి ఎ.టి.పి. అను శక్తి పదార్థమును 16 అణువుల మేర వ్యయము చేయును. ఆ ఎ.టి.పి.ని 1929లో కండరములనుండి వేరుచేసి ప్రకటించినవారిలో సుబ్బారావుగారు, వారి ఆచార్యుడు ఫిస్కె కూడ ఉన్నారు.

ఇట్టి గుత్తిని మనుష్యుడు కట్టుటకు కుదురు విద్యయే ఆధారము. రెండు అరలు గల ఒకే వలయములో రెండు లోహములను ప్రక్కప్రక్కన కూర్చుండబెట్టిన పనిని 1970లో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయమునందు రిచర్డ్ రాబ్సన్ ప్రకటించెను. ఆ లోహముల నడుమ దూరము సుమారు 3 ఆంగ్‌స్ట్రాములు. ఒకే పనికి రెండును చేయి వేయుటకు చాలినంత దగ్గర. ఇదే రాబ్సన్ తరువాత లోహములను మూలలుగాను అణువులను దూలములుగాను పెట్టి అంతులేని చట్రములను కట్టెను. అందులకు జపానునకు చెందిన కిటగావా, అమెరికాలోని యాఘీలతో కలిసి 2025 నోబెల్ బహుమానమును పొందెను. ఆ చట్రములలోని బెజ్జములు నీటి ఆవిరిని, వాయువులను పట్టి దాచును.

నత్రజనిని చీల్చుటలో మొదటి గెలుపు 2003లో వచ్చినది. అమెరికాలో ష్రాక్ అను ఆచార్యుడు ఒకే మాలిబ్డినమును మూడు చేతుల లైగాండులో నిలిపి, చుట్టు దడి కట్టినట్లు పెద్ద అణుభాగములను పేర్చెను. అది మామూలు గది వేడిమిలోనే నత్రజనిని అమోనియాగా మార్చినది. కాని ఒక్కొక్క లోహమునకు పుట్టిన అమోనియా అణువులు ఎనిమిదికి మించలేదు. అంతటితో అది చెడిపోయెను. 2015లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయపు లెస్లీ మర్రీ బృందము గంపవంటి ఒకే లైగాండులో మూడు ఇనుములను చేర్చి నత్రజని జంటను చీల్చగలిగిరి. 2019లో టోక్యోలో నిషిబయాషి బృందము మాలిబ్డినముతో లెక్కను నాలుగు వేలు దాటించిరి. అయితే అందుకు సమేరియము అను విలువగల లోహపు లవణమును ఖర్చుపెట్టవలసి యున్నది. ఆ ధరకు ఎరువు చేసినచో కొనువాడుండడు. బుడిపెలోని సూక్ష్మజీవి అట్టి ఖర్చేమియు లేకయే పని సాగించుచున్నది.

ఆ గుత్తికి ప్రాణవాయువు తగిలినచో చెడిపోవును. కాని సూక్ష్మజీవికి ఊపిరికై ప్రాణవాయువు కావలెను. ఈ ఇరకాటమును మొక్క ఎట్లు దాటినదనగా, మన నెత్తుటిలోని ఇనుప కుదురునే బుడిపెలో కూడ పెట్టుకొన్నది. అది ప్రాణవాయువును పట్టి, కొలిచి, కొంచెము కొంచెముగా అందించును. ఒక్క బుడిపెలో కుదురును గుత్తియు రెండును ఉన్నవన్నమాట.

దీనిని ఎవరైనను తమ చేనిలో చూడవచ్చును. జీలుగ గాని పిల్లిపెసర గాని విత్తిన 35, 40 రోజులకు ఒక మొక్కను పీకక, చుట్టు మట్టితో సహా పారతో తవ్వి తీసి, నీటిలో మెల్లగా జాడింపుడు. బుడిపె నొకదానిని గోటితో చీల్చి చూడుడు. లోపల నెత్తుటివలె ఎఱ్ఱగా గాని గులాబీరంగుగా గాని ఉన్నచో అది పనిచేయుచున్నది. తెల్లగా ఉన్నచో ఇంకను పనికి రాలేదు, లేదా ఆ నేలలో తగిన సూక్ష్మజీవి లేదు; మరుసటి పర్యాయము విత్తనమునకు రైజోబియము కల్చరు పట్టించి చల్లవలెను. ఆకుపచ్చగా గాని గోధుమరంగుగా గాని మారినచో దాని పని ముగిసినది.